పధ్నాలుగో నంబరు చెట్టు

జూన్ 2, సోమవారం

గౌరవనీయులైన అన్నయ్య గారికి,

మీ పాదరసం నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ మేమంతా కులాసా అని రాసి, అక్కడ మీరూ కులాసా అని తలచడం ఉత్తరానికి మర్యాద. మర్యాద ప్రకారం రాసేశాను. మా అమ్మాయికి పరీక్షలు అయిపోయాయి. ఆయనకి లిఫ్టుల రిపేరు పని తెరిపి లేకుండా ఉంది. నాకు మాత్రం ఒకటే దడ. మీ మోకాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పిన నడక నడుస్తున్నారా, లేక ప్రతి చెట్టు దగ్గరా ఆగిపోయి వదిన గారిని విసిగిస్తున్నారా?

పదకొండుసార్లు ఫోను చేశాను. మీరు ఎత్తలేదు. కోపమొస్తే మీరు ఫోనుని బీరువాలో పడేసి తాళం వేస్తారని వదిన గారు ఒకప్పుడు నవ్వుతూ చెప్పారు. అది గుర్తొచ్చి ఉత్తరానికి దిగాను. ఉత్తరమైతే చింపడానికైనా చేతిలోకి తీసుకోవాలి కదా.

పెన్ను పట్టి ఇంత రాసి ఏళ్ళయింది. ఫోనులో అయితే ఒక అక్షరం కొట్టగానే మిగతా మాట అదే ఊహించి పెడుతుంది. మొన్న మీకు మెసేజి పెడదామని "క్ష" కొట్టాను. "క్షేమం" వస్తుందనుకుంటే "క్షమించండి" వచ్చింది. మనం ఎక్కువ వాడే మాటనే అది ముందుకు తెస్తుందని మా అమ్మాయి చెప్పింది. ఎవరికి అన్నిసార్లు క్షమాపణ చెప్పానో నాకే గుర్తు లేదు. కాగితానికి ఆ తెలివి లేదు, అదొక సుఖం.

మన చెట్ల ఆఫీసు సంగతులు. మీ కుర్చీలో ఇంకా ఎవరూ కూర్చోలేదు, ప్రింటరు కూర్చుంది. మాకందరికీ టాబ్లెట్లు ఇచ్చారు. చెట్టు దగ్గరికి వెళ్ళగానే దాని నంబరు, వయసు, చుట్టుకొలత తెర మీద పడతాయి. చెట్టు వంక చూడనక్కర్లేకుండానే చెట్టు గురించి సమస్తం తెలుస్తుంది. పోయిన వారం నిలువునా ఎండిపోయిన చెట్టు ముందు నిలబడి, తెర మీద "ఆరోగ్యం: బాగు" అని చదివాను. తలెత్తి చూశాను. మళ్ళీ తెర చూశాను. ఏది నమ్మాలో ఒక్క క్షణం తేల్చుకోలేకపోయాను. నవ్వకండి.

మీ సొరుగు ఖాళీ చేయమంటే చేశాను. అడుగున మీ నోటుబుక్కు దొరికింది. ఈమధ్య నేను చదువుతున్నది అదొక్కటే. లోపల డొల్ల ఉందో లేదో తెలియడానికి ముప్ఫై ఏళ్ళుగా మీరు సుత్తితో కొట్టి చూసిన చెట్ల చప్పుళ్ళన్నీ అందులో ఉన్నాయి. "వానకి ఉబ్బిన తలుపు." "నిండా నీళ్ళున్న డ్రమ్ము." "పక్కింటి టీవీ: వినిపిస్తోంది, ఏమంటోందో తెలియదు." ఒక పేజీలో "అలిగిన మనిషి: ఆలస్యంగా పలుకుతుంది, పలికినా ముక్తసరిగా" అని ఉంది. బస్సులో చదువుతూ పైకే నవ్వాను. మిమ్మల్ని చాటున సుత్తి గారు అనేవాళ్ళం, మీకూ తెలుసు. చేతిలో ఎప్పుడూ కొయ్య సుత్తి ఉన్నందుకు సగం, చెట్టు గురించి మొదలుపెడితే గంట దాకా ఆపనందుకు సగం. ఈ పుస్తకంలో మాత్రం మీరు ఎక్కడా రెండు ముక్కలకి మించి రాయలేదు.

ఇంక అసలు విషయం. చుట్టూ తిప్పుతున్నానని మీకు ఈపాటికే అర్థమై ఉంటుంది.

లైబ్రరీ ముందున్న నిద్రగన్నేరు, పధ్నాలుగో నంబరు. మార్చిలో జరిగినదాన్ని మళ్ళీ తవ్వడం మీకు ఇష్టముండదు. అయినా నాకు మొదటి నుంచి రాసుకుంటే తప్ప నడవదు. మీరు దాని మొదలు చుట్టూ కొట్టి చూసి, రీడింగు రూము గోడవైపు లోపల డొల్ల ఉందని, వానలు దిగేలోపు కొట్టేయాలని చేత్తో రిపోర్టు రాశారు. ఆ నీడలో చదువుకునేవాళ్ళంతా లబోదిబోమన్నారు. మన "ష్" మేడమ్, అదే లైబ్రేరియన్ గారు, చెట్టుని ఉంచాలంటూ రెండు వందల సంతకాలు పట్టుకొచ్చారు. ఆఫీసరు గారు కొత్త యంత్రంతో చూడమని నాకు పురమాయించారు. పధ్నాలుగో నంబరు పేరిట నేనిచ్చిన కాండం లోపలి బొమ్మ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పచ్చగా ఉంది. పచ్చ అంటే గట్టి, ఎరుపు అంటే డొల్ల. మీటింగులో ఆ బొమ్మని గోడ మీద పెద్దది చేసి చూపించి, చెవులతో పనిచేసే కాలం పోయిందని ఆయన అన్నారు. అందరూ నవ్వారు. మీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఆ వారంలో రిటైర్మెంటు కాగితం పెట్టి వెళ్ళిపోయారు. పదహారేళ్ళు మీ పక్కన నడిచినదాన్ని, గేటు దాకా కూడా రాలేదు.

పోయిన బుధవారం భోజనాల వేళ ఆ చెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఒక నవల తెరిచాను. అరగంటలో ఒక్క పేజీ దాటలేదు. ఎదురుగా ఒక గోరువంక, గోడవైపు ఎప్పుడో కొమ్మ నరికినచోట ఉన్న కన్నంలోకి గడ్డిపోచ పట్టుకుని దూరింది. బయటికి రాలేదు. చూస్తూనే ఉన్నాను, రాలేదు. అంత లోపలికి వెళ్ళడానికి దానికి చోటు ఎక్కడిదన్నదే నా దడ.

అప్పట్నుంచి ఫోనులో గాలివాన సమాచారం చూడటం జబ్బులా పట్టుకుంది. ఒక్క రోజులో నలభై ఒక్కసార్లు చూశానని ఆ ఫోనే లెక్కపెట్టి చెప్పింది.

మీ కోపం పోవాలని నేనడగను. గోడవైపు ఆ రోజు మీరు విన్న చప్పుడు ఎలాంటిదో ఒక్క ముక్క రాయండి. నోటుబుక్కులో వెతికాను. ఆ పేజీ చింపి ఉంది.

ఇట్లు,
మీరు పెట్టిన పేరుతోనే,
పాదరసం


జూన్ 12, గురువారం

అన్నయ్య గారికి నమస్కారాలు.

మీ కార్డు శుక్రవారం అందింది. చిరునామా నాలుగు వరుసలు, విషయం మూడే మాటలు: "నువ్వు కొట్టి చూశావా?" వదిన గారు ఎలా ఉన్నారో లేదు, మోకాలి సంగతి లేదు. అయినా మీ రాత చూడగానే ప్రాణం లేచొచ్చింది. చదివాక అంతకంటే వేగంగా కూర్చుంది.

కార్డు బల్ల మీద వదిలేస్తే మా ఆయన చదివారు. ఏమిటి కొట్టి చూడటం అని అడిగారు. చెప్పాను. ఆయన అన్నం తింటూనే అన్నారు: "లిఫ్టు సర్వీసు చేశాక నేనే ఎక్కి పైకీ కిందికీ రెండుసార్లు తిరుగుతాను. తర్వాతే సంతకం. చూడకపోతే వెళ్ళి చూడు, దానికింత ఆలోచన ఎందుకు?" ఆయన మామూలుగానే అన్నారు. నేను ముద్ద కంచంలోనే వదిలేసి లేచాను.

శనివారం తెల్లవారగానే వెళ్ళాను. మా ఇంట్లో కొయ్య సుత్తి లేదు. విరిగిన స్టూలు కాలు సంచిలో పెట్టుకుని, దొంగతనానికి వెళుతున్నదానిలా వెళ్ళాను. నిద్రగన్నేరు ఆకులు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. రోడ్డువైపు నుంచి మొదలుపెట్టి, మీరు నేర్పినట్టే జానెడు జానెడు దూరంలో, ఒకే బలంతో, చెవి కాండానికి దగ్గరగా పెట్టి కొట్టాను. రోడ్డువైపు పొట్టిగా, గట్టిగా పలికింది. ఇటుక గోడలా. ప్రాణం కుదుటపడింది. ఇంకో నాలుగు జానలు జరిగాను. పలుకు మారింది. గోడవైపు వచ్చేసరికి చప్పుడు లోపలికి వెళ్ళి, ఎక్కడో తిరిగి, తీరిగ్గా వచ్చింది. ఖాళీ ఇంట్లో ఎవరో దగ్గినట్టు.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ దగ్గింది.

వాపసు పుస్తకాలు వేసే ఇనప డబ్బా ఒకటి అక్కడ గోడకి ఆనించి ఉంటుంది కదా, దాని వెనక వంగి చూస్తే మొదలుకి అరచేతులంత పుట్టగొడుగులు, పలకలు పలకలుగా. అవి ఒక్క నెలలో వచ్చేవి కావు. మార్చిలోనూ ఉండి ఉంటాయి. డబ్బా జరిపితే నాకూ కనిపించేవి.

ఇంతలో లైబ్రేరియన్ గారు తాళంచెవుల గుత్తితో వచ్చారు. పొద్దున్నే చెట్టు దగ్గర ఏం చేస్తున్నావని అడిగారు. మామూలు తనిఖీ అన్నాను. ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చి, ఇరవై రెండేళ్ళుగా ఈ చెట్టే తన రీడింగు రూముకి రెండో కప్పు అని, నా రిపోర్టే లేకపోతే ఈపాటికి అది కట్టెల అడితిలో ఉండేదని చెప్పుకొచ్చారు. ఫోనుల్లో చదివేవాళ్ళు కూడా ఈ నీడ కోసమే లోపలికి వస్తున్నారని, వచ్చాక మొహమాటానికైనా ఒక పుస్తకం తీస్తున్నారని మురిసిపోయారు. ఆ టీ ఎలా మింగానో నాకే తెలుసు.

సోమవారం ఆఫీసరు గారి దగ్గరికి వెళ్ళాను. పధ్నాలుగో నంబరుని మళ్ళీ పరీక్ష చేస్తానన్నాను. యంత్రం పక్క జోనుకి ఇచ్చామని, నెలాఖరు దాకా రాదని, మూడు నెలల కింద పచ్చగా ఉన్న చెట్టుకి ఇంతలో ఏమవుతుందని ఆయన అడిగారు. నేను కదలకుండా నిలబడితే, చేతిలోని పెన్ను కింద పెట్టి నా మొహంలోకి చూశారు.

"మీ రిపోర్టు తప్పని మీరే రాసిస్తారా? రాసివ్వండి, ఈరోజే చెట్టు కొట్టించేస్తాను."

అన్నయ్యా, ఆలోచించి చెబుతానని బయటికి వచ్చేశాను. అసలు ఈ యంత్రం కొనమని ఆయన వెంటపడింది నేనే కదా. దాన్ని తప్పుపడితే నన్ను నేను తప్పుపట్టుకున్నట్టే.

మీకు ఏమనిపిస్తే అది రాయండి. తిట్టినా సరే, ఈసారి మూడు మాటలకంటే ఎక్కువ రాయండి.

మీ
పాదరసం


జూన్ 19, గురువారం

అన్నయ్య గారికి,

పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను. దారానికి కట్టిన పెన్ను ఇది, అక్షరాలు ఎటుపోతే అటు చదువుకోండి.

మీ రెండో కార్డు అందింది. "గది మూయించు. ఆఫీసరుకి ఫోను చేశాను. రిటైరైనవాళ్ళు విశ్రాంతి తీసుకోవాలన్నాడు." బీరువా తాళం తీసి మరీ ఫోను చేశారన్నమాట. నాకు చేయలేదు. సరే.

రేపు, ఎల్లుండి గట్టి గాలులని హెచ్చరిక వచ్చింది. పొద్దున్నుంచి ఫోను నాలుగుసార్లు కీచుమంది. గది మూయించాను. ఎలా మూయించానో రాస్తే మీకు నచ్చదు, అయినా రాస్తున్నాను. రీడింగు రూములో కరెంటు వైర్లు తనిఖీ చేయాలని, రెండు రోజులు ఎవరినీ లోపలికి రానివ్వద్దని లైబ్రేరియన్ గారితో చెప్పాను. ఆవిడ నా మాట నమ్మి తలుపు మీద కాగితం అంటించారు. చెట్టు సంగతి చెబితే రిపోర్టు సంగతి అడుగుతారు. ఆ చెట్టు కోసం రెండు వందల మంది సంతకాలు పెట్టారు. అంతమందికి ఒకేసారి ఏం చెప్పను?

చెట్టు చుట్టూ ఎర్ర టేపు నేనే కట్టాను. రేపు ఆఫీసుకి వెళ్ళను, ఎదురుగా బస్టాపులో కూర్చుంటాను. ఈ రెండు రోజులు గడిస్తే యంత్రం వచ్చేదాకా ఏదో ఒకటి ఆలోచిస్తాను.

గది మూసే ఉంది. ఎవరికీ ఏమీ కాదు. కాదు కదా?

పాదరసం


జూన్ 24, మంగళవారం

పూజ్యులైన అన్నయ్య గారికి, వదిన గారికి నమస్కారాలు.

మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పేపర్లో రెండు వరుసలు కూడా వేశారట. అయినా జరిగింది జరిగినట్టు నా నుంచే వినండి.

శుక్రవారం పొద్దున్నుంచి బస్టాపులో కూర్చున్నాను. గాలి వచ్చింది, భయపడ్డంత రాలేదు. వాన రెండు గంటలు దంచి, మధ్యాహ్నం మూడింటికి తగ్గింది. ఆకులన్నీ ముడుచుకుని, చెట్టు బరువుగా, నిశ్శబ్దంగా ఉంది. గండం గడిచిందనుకుని ఇంటికి ఫోను చేసి, వచ్చేస్తున్నానని చెప్పాను. చెబుతుండగానే సన్నటి తుంపరలో గొడుగు వేసుకుని లైబ్రేరియన్ గారు పక్క గుమ్మంలోంచి రీడింగు రూము వైపు వెళ్ళడం కనిపించింది. కేకేశాను. అదే సమయానికి బస్సు వచ్చి నా ముందు ఆగింది. బస్సు కదిలేసరికి ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

రోడ్డు మధ్యలో ఉన్నాను నేను. పెద్ద గాలి కూడా లేదు అన్నయ్యా. మొదట్లో ఏదో చిరిగిన చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, ఆ తర్వాత చెట్టు నిదానంగా, ఎవరో పిలిస్తే వెళుతున్నట్టు, గోడ మీదికి వాలిపోయింది. కప్పు కుంగింది. కిటికీ అద్దాలు ఒక్కసారిగా బయటికి వచ్చాయి. నేను అరిచానో లేదో తెలియదు. బస్టాపులో ఉన్నవాళ్ళే నాకంటే ముందు పరుగెత్తారు. తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి దిగి చూస్తే పొడవాటి బల్ల కింద సగం, బయట సగం ఉన్నారావిడ. ఆ బల్ల అడ్డం లేకపోతే ఇంకోలా ఉండేది. స్పృహలోనే ఉన్నారు. కళ్ళజోడు ఎక్కడ పడిందో చూడమని నన్ను అడిగారు.

భుజం ఎముక విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. శనివారం ఆపరేషను అయింది. ప్రాణానికి భయం లేదన్నారు, చెయ్యి పూర్తిగా పైకి లేవడానికి మాత్రం ఏడాది పట్టవచ్చట. పై అరల్లో పుస్తకాలు అందుకునే చెయ్యి అది.

ఆదివారం చూడటానికి వెళ్ళాను. ఎందుకు లోపలికి వెళ్ళారని అడగడానికి నాకు అర్హత లేదని తెలుసు. ఆవిడే చెప్పారు.

"కరెంటు పని అన్నావు కదా. వెళ్ళి స్విచ్చి వేసి చూశాను, లైటు వెలిగింది. నువ్వేదో పొరపాటు పడ్డావనుకున్నాను. కిటికీ పక్కన వాన పడి పుస్తకాలు తడుస్తున్నాయేమోనని మళ్ళీ వెళ్ళాను." కాసేపు ఊపిరి కూడదీసుకుని నా వైపు తిరిగారు. "చెట్టు పడుతుందని చెప్పి ఉంటే, నేను ఆ తలుపు ముట్టుకునేదాన్నా అమ్మా?"

కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. నేను దుప్పటి సర్దాను. ఆ తర్వాత ఆవిడ మీ సంగతి ఎత్తారు. సంతకాలు పట్టుకొచ్చి ఆ పెద్దాయన్ని నలుగురిలో చిన్నబుచ్చానని, మీకు ఉత్తరం రాస్తే తన మాటగా ఆ సంగతి రాయమని చెప్పారు. రాశాను.

ఆఫీసులో గాలి పూర్తిగా తిరిగిపోయింది. మీరు చేత్తో రాసిన రిపోర్టు ఫైలులోంచి తీసి జిరాక్సులు చేశారు. మన పెద్దాయన అప్పుడే చెప్పారంటూ ఆఫీసరు గారు ఇప్పుడు అందరితో అంటున్నారు. కొత్తవాళ్ళకి చెట్టుని కొట్టి చూడటం నేర్పడానికి మిమ్మల్ని పిలిపించాలని కూడా అనుకుంటున్నారు. ఇక నా విషయం. చెట్టు చుట్టూ టేపు కట్టి, గది మూయించి, రోజంతా కాపలా కూర్చున్నందుకు నన్ను పొగుడుతున్నారు. గది మూయకపోతే ఆ వేళకి పాతికమందైనా లోపల ఉండేవారని లెక్కగట్టారు. ప్రశంసాపత్రం ఇవ్వాలని పైకి రాశారట. తప్పంతా యంత్రానిదేనని తేలిపోయింది. తేలిపోయిందంటే, అందరికీ అదే వీలుగా ఉంది. దాన్ని తిప్పి పంపేస్తున్నారు. గురువారం విచారణ అంటూ ఒకటి ఉంది గానీ, అది కాగితం కోసమేనని, పది నిమిషాల్లో అయిపోతుందని ఆఫీసరు గారు నాకు ధైర్యం చెప్పారు.

యంత్రం ఎందుకలా చూపించిందో దానికే తెలియాలి. ఎంత ఖరీదైనదైనా దానికి మీ చెవి లేదు. మీరే నెగ్గారు అన్నయ్యా. ఈ సంగతి రాయాలని మార్చి నుంచి అనుకుంటున్నాను, ఇలాంటి రోజున రాయాల్సి వస్తుందనుకోలేదు. వదిన గారిని అడిగినట్టు చెప్పండి. ఇప్పుడైనా ఫోను ఎత్తండి.

ఎప్పటికీ మీ
పాదరసం

తాజా కలం: బుధవారం ఉదయం. నిన్న కవరు అంటించి పోస్టు డబ్బా దాకా వెళ్ళాను. చెయ్యి లోపలికి పెట్టి వెనక్కి తీసుకున్నాను. ఇంటికి తెచ్చి, కవరు చింపి ఉత్తరం బయటికి తీశాను.

పైన యంత్రం గురించి రాసింది అబద్ధం. యంత్రం తప్పు చూపించలేదు. పధ్నాలుగో నంబరు చెట్టుకి నేను దాన్ని పెట్టనేలేదు.

ఆ రోజు లైబ్రరీ ఆవరణలో తొమ్మిదో నంబరు చెట్టుతో మొదలుపెట్టాను. కాండం చుట్టూ పన్నెండు మేకులు దిగ్గొట్టి, సెన్సార్లు తగిలించి, ఒక్కో మేకునీ చిన్న సుత్తితో కొట్టాలి. గంట పని. బొమ్మ పచ్చగా, చక్కగా వచ్చింది. పధ్నాలుగు దగ్గరికి వచ్చేసరికి టాబ్లెట్ ఏదో అప్‌డేట్ అంటూ మొండికేసింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. మళ్ళీ తెరుచుకునేసరికి మూడున్నర దాటింది. నాలుగింటికల్లా బొమ్మ కావాలని ఆఫీసరు గారు అప్పటికే రెండుసార్లు ఫోను చేశారు. నేను ఏరికోరి కొనిపించిన యంత్రం మొదటి పెద్ద పనికే ఆగిపోయిందని ఎలా చెప్పను? తొమ్మిదో నంబరు బొమ్మ మీద నంబరు మార్చి పంపేశాను. మర్నాడు వచ్చి సరిగ్గా చేసి, బొమ్మ మార్చేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున్నే మీటింగు పెట్టారు.

తొందర ఒక్కటే కారణమని రాసి ఆపేయాలని ఉంది. ఆపితే ఇది ఇంకో అబద్ధం అవుతుంది. పదహారేళ్ళు నా ప్రతి రిపోర్టూ మీ చెవి దాటాకే పైకి వెళ్ళేది. ఒక్కసారి మీ మాట కాదని నా మాట నిలబడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. నిలబడింది. మీరు కళ్ళజోడు తుడుచుకుంటుంటే నాకు బాగానే ఉంది. ఒక పూట పాటు చాలా బాగుంది. ఇది రాయలేకే ఇన్ని ఉత్తరాలు రాశాను.

ఆఫీసరు గారు పెన్ను కింద పెట్టి అడిగిన రోజున నిజం రాసిచ్చి ఉంటే ఆ సాయంత్రానికే చెట్టు నేల మీద ఉండేది. ఆవిడ భుజం ఆవిడకి ఉండేది.

రాత్రి మా ఆయనకి చెప్పాను. ముందు ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పిరమ్మన్నారు. ఏడింటికే ఆసుపత్రికి వెళ్ళి లైబ్రేరియన్ గారికి చెప్పాను. ఆవిడ మొహం గోడవైపు తిప్పుకున్నారు. కాసేపు నిలబడి వచ్చేశాను.

రేపు విచారణలో ఇవ్వాల్సిన కాగితం రాసి సంతకం పెట్టాను. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. పోతే పోనివ్వండి అని రాయగలిగేంత ధైర్యం నాకు లేదు, అమ్మాయి చదువు ఉంది, భయంగానే ఉంది. మీరు క్షమించాలని రాయడం లేదు. ఆ కాగితం నకలు ఒకటి ఆఫీసు నుంచి మీకు వస్తుంది. దానికంటే ముందు ఇది మీ చేతికి అందాలి. అందుకే పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల ఎవరో గడియ తీస్తున్నారు.